పికప్ తగ్గలేదు, క్లచ్ జారుతోంది

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఒంగోలు దాకా వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మా షెడ్డుకి వచ్చేవాళ్లు తరచూ చెప్పే మాట, "అన్నా, బండి పికప్ తగ్గింది." అప్పటికే ఎయిర్ ఫిల్టర్ మార్చి ఉంటారు, డీజిల్ కల్తీ అనుకుని బంకు కూడా మార్చి ఉంటారు. నేను ఒకటే అడుగుతాను. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుపు పెరుగుతోందా, లేదా? ఇంజన్లోనే బలం లేకపోతే అరుపూ పెరగదు, వేగమూ పెరగదు. ఇంజన్ గోలపెడుతూ, అది ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు పైకి లేస్తోంది, బండి మాత్రం ఉన్న వేగంలోనే ఉంది అంటే క్లచ్ జారుతోంది.

ఈ తేడా నాకు షెడ్డులో కాదు, రోడ్డు మీద తెలిసింది. సింగరాయకొండ నుంచి మా కారులో వస్తున్నాను. హైవే మీద గ్రానైట్ రాయి వేసుకుని పోతున్న ట్రైలర్‌ను దాటుదామని ఐదో గేరులో గట్టిగా తొక్కాను. ముల్లు 2000 నుంచి 3000కి ఎగిరింది, బండి వేగం పెరగలేదు. పక్కన ట్రైలర్ చక్రాలు, వెనక బస్సు హారన్, వెనక సీట్లో మా అమ్మ. కాలు కాస్త తీస్తే ముల్లు దిగి, మళ్లీ పట్టు దొరికింది. నెమ్మదిగా ట్రైలర్ వెనక్కి తగ్గి ఎడమకు వచ్చాను. అంతకు వారం ముందు నుంచే ఆ బండి అలా చేస్తోంది. పనుల్లో పడి నేనే వాయిదా వేశాను.

జారడం ముందు పై గేర్లలోనే బయటపడుతుంది. ఊళ్లో ఒకటి, రెండు గేర్లలో తిరిగేవాళ్లకి చాలా రోజులు తెలియదు. కుటుంబంతో, లగేజీతో శ్రీశైలం బయల్దేరి, దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. అక్కడ తెలియడం మంచిది కాదు.

ఈ పాత క్లచ్ ప్లేటు ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని చూడండి. ఇది ఇంజన్ ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య నొక్కుకుని ఉంటుంది. ఆ ఒత్తిడితోనే ఇంజన్ బలం గేర్‌బాక్సుకు చేరుతుంది. కొత్త ప్లేటులో రివెట్ల తలలు లైనింగ్, అంటే పైనుండే రాపిడి పొర, లోపల గుంటలో ఉంటాయి. దీని మీద గోరు పెట్టి లాగండి, రివెట్టు తగులుతుంది. ఇక్కడిదాకా నడిపితే రివెట్లు ఫ్లైవీల్‌ను గీరేస్తాయి. అప్పుడు ప్లేటు ఖర్చుతో పోదు.

కాలిన వాసన కూడా గుర్తే. బ్రేకు కాలినా దాదాపు అదే వాసన, కాకపోతే అది చక్రాల దగ్గర వస్తుంది. మిట్ట మీద రివర్స్ చేసినప్పుడు ఒక్కసారి వస్తే భయపడక్కర్లేదు. మామూలుగా నడుపుతున్నా వస్తుంటే చూపించుకోవాలి. ఇక పెడల్: ఇదివరకు సగం లేపితే కదిలే బండి, ఇప్పుడు కాలు పూర్తిగా పైకి వచ్చాక కదులుతోందంటే ప్లేటు అరిగి ఉండొచ్చు. పెడల్ నుంచి క్లచ్‌కి తీగ ఉండే కేబుల్ బండ్లలో ముందు కేబుల్ అడ్జస్ట్‌మెంట్ చూడమనండి. తీగ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బండ్లలో పెడల్ ఒక్కదాన్నే నమ్మకండి.

రివర్స్ గేరు వేస్తే గరగరలాడటం వేరు. అక్కడ క్లచ్ పూర్తిగా విడవడం లేదు. పెడల్ తొక్కినప్పుడే కీచుమంటే, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. ఏదైనా సరే గేర్‌బాక్సు దించాల్సి వస్తే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ సెట్టుగా మార్పించండి. ఒక్క ప్లేటు వేసి ఆరు నెలలకే మళ్లీ దించితే కూలీ రెండుసార్లు కట్టాలి.

నెల్లూరు రామలింగాపురం అండర్ బ్రిడ్జిలో ట్రాఫిక్ ఆగినప్పుడు చూడండి. ఎక్కుడులో బండి వెనక్కి జారకుండా చాలామంది హాఫ్ క్లచ్ మీదే, అంటే పెడల్ సగం తొక్కి పట్టి, నిలబెడతారు. ప్లేటును తినేసేది అదే. హ్యాండ్ బ్రేకు లాగి న్యూట్రల్లో ఉంచండి. నడిపేటప్పుడు ఎడమ కాలు పెడల్ మీద ఆనించి ఉంచకండి.

ఇప్పుడు బయటికి రండి, ముందు ఖాళీ స్థలంలో ఒక పరీక్ష చూపిస్తాను. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, బ్రేకు తొక్కి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదులుతాను. క్లచ్ మంచిదైతే ఇంజన్ ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే వెంటనే పెడల్ తొక్కేయాలి. ఒక్కసారే చేయాలి, పదేపదే చేస్తే ఉన్న ప్లేటూ కాలిపోతుంది. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడకండి.