అడ్డంకి తెలిస్తేనే వ్యూహం

నమస్కారం. పచ్చళ్ల వ్యాపారం చేసే ఒక మహిళ తన ప్రణాళికను నాకు చూపించారు. అందులో మొదటి వాక్యం "ఈ ఏడాది అమ్మకాలు బాగా పెంచాలి" అని ఉంది. ఇప్పటిదాకా అవి పెరగకుండా ఆపుతున్నది ఏమిటని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించారు. లక్ష్యం ఎంత పెద్దదైనా, ఈ ప్రశ్నకు జవాబు దొరికేవరకు రేపు పొద్దున ఎవరు ఏ పని చేయాలో అది చెప్పలేదు.

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రినే చూడండి. ప్రభుత్వ ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో దాన్ని ప్రారంభించారు. నివారించగల అంధత్వం ఎవరికీ ఉండకూడదన్నది ఆయన సంకల్పం. అది కూడా విశాలమైన మాటే. కానీ శుక్లాలకు ఆపరేషన్ ఉన్నా అందరికీ ఎందుకు అందడం లేదని వెతికితే, అన్నిటికంటే కొరతగా ఉన్నది సర్జన్ సమయమని తేలుతుంది. అందుకే అక్కడ ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. మొదటిది ముగియగానే సర్జన్ మైక్రోస్కోపును ఇటు తిప్పుకుని రెండోది మొదలుపెడతారు. సర్జనే చేయనక్కరలేని పనులన్నీ, పల్లెల నుంచి ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన యువతులు చూసుకుంటారు.

ఆ తర్వాత మరో అడ్డంకి బయటపడింది. ఉచితమని చెప్పినా శిబిరాల్లో పరీక్ష చేయించుకున్న చాలామంది ఆపరేషన్‌కు రాలేదు, ఎందుకంటే బస్సు ఛార్జీ, తిండి ఖర్చు, పోయే కూలి డబ్బులు వారికి భారమే. దాంతో ఆసుపత్రే ప్రయాణానికీ భోజనానికీ ఏర్పాటు చేసింది. ఆపరేషన్‌లో కంట్లో అమర్చే దిగుమతి లెన్సుల ధర అడ్డుపడినప్పుడు, 1992లో ఆరోల్యాబ్ అనే తయారీ సంస్థను నెలకొల్పి తక్కువ ధరకు లెన్సులు తయారుచేయడం మొదలుపెట్టారు. ఈ క్రమమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంటుంది: సంకల్పం మారలేదు, ఎప్పుడు ఏది అడ్డుపడితే పని దాని మీదికి మళ్లింది.

మళ్లీ ఆ పచ్చళ్ల వ్యాపారానికి వద్దాం. ఆర్డర్ల పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే, కొనేవారికి కొరతే లేదు. దసరాకే ఆవకాయ అయిపోవడంతో, సంక్రాంతిదాకా వచ్చిన ఆర్డర్లన్నీ ఆమె వదులుకున్నారు. కాబట్టి ఆ మొదటి వాక్యాన్ని కొట్టేసి, మే నెలలో ఎన్ని కిలోల కాయలు కొనాలో, ఎన్ని జాడీలు కావాలో, కారానికీ నూనెకీ డబ్బు ఏప్రిల్‌లోపు ఎక్కడి నుంచి తేవాలో రాసుకున్నాం. ఆ డబ్బు కోసం, పెద్దగా అమ్ముడుపోని పొడుల తయారీని ఈ ఏడాదికి ఆపేయాలని ఆమే నిర్ణయించుకున్నారు.