ముళ్లకంచె వెనక లిబియా

అందరికీ నమస్కారం. ఇంకాసేపట్లో ‘లయన్ ఆఫ్ ది డెజర్ట్’ మొదలవుతుంది. దాదాపు మూడు గంటల సినిమా, అందుకని నేను ఎక్కువసేపు మైకు పట్టుకోను.

ఇది ఒమర్ ముఖ్తార్ కథ. ఆయన పిల్లలకు ఖురాన్ చెప్పే పంతులు. 1911లో ఇటలీ లిబియా మీద పడింది. ఇరవయ్యేళ్ల తర్వాత, డెబ్బై దాటిన వయసులో కూడా ఆయన గుర్రం మీదే ఉండి ఇటలీతో పోరాడుతున్నాడు. ఆ పాత్ర వేసిన ఆంథొనీ క్విన్ తొడగొట్టడు, కేకలు పెట్టడు. కళ్లజోడు పెట్టుకున్న ముసలాయన, మాట మెత్తన. హీరో రాగానే ఈలలేసే మనకు మొదట్లో కొంచెం వెలితిగానే ఉంటుంది లెండి.

యుద్ధాలు భారీగా తీశారు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. నేను చూడమనేది శిబిరాల్ని, కంచెని. ఇటలీ నియంత ముసోలినీ పంపిన సేనాని గ్రాజియానీకి ఒక కిటుకు తెలుసు. కొండల్లో పోరాడేవాళ్లు దొరకరు, వాళ్లకు తిండీ కబురూ అందించే ఊళ్లు దొరుకుతాయి. 1930లో తూర్పు లిబియాలోని సిరెనైకా కొండప్రాంతం నుంచి సుమారు లక్షమందిని ఆడా మగా, పిల్లా పీచూ, గొడ్డూ గోదాతో సహా తోలుకెళ్లి శిబిరాల్లో కుక్కారు. ఆకలికీ రోగాలకీ వేలకు వేలమంది పోయారు. ఈజిప్టు నుంచి తుపాకీ గానీ బియ్యపు గింజ గానీ రాకుండా సరిహద్దు వెంట సుమారు 270 కిలోమీటర్ల ముళ్లకంచె వేశారు. ముఖ్తార్ బలమంతా ఆ జనమే. వాళ్లను తెంపేశాక ఆయన ఎంతోకాలం నిలవలేకపోయాడు. 1931 సెప్టెంబరు 11న పట్టుబడ్డాడు. 16న సులూక్‌లో, బందీలైన తన జనం కళ్లెదుటే ఉరి తీశారు.

ఇటలీకి మింగుడుపడనిది ఈ భాగమేనని నా అనుమానం. సైన్యం పరువు పోతుందని 1982లో సినిమాను అక్కడ ఆపేశారు. 2009లో అప్పటి లిబియా పాలకుడు గడాఫీ రోమ్ వెళ్లినప్పుడు గానీ అక్కడి టీవీలో రాలేదు. ఆయన కూడా తక్కువ తినలేదు, సంకెళ్లతో ఉన్న ముఖ్తార్ ఫొటోను యూనిఫాం మీద తగిలించుకుని మరీ విమానం దిగాడు.

ఇంకొక్క మాట. దర్శకుడు ముస్తఫా అక్కాద్‌కు డబ్బు పెట్టింది గడాఫీ ప్రభుత్వమే. ముఖ్తార్ సనూసీ తరీఖా, అంటే సనూసీ అనే సూఫీ శాఖ మనిషి. ఆ సనూసీల పెద్ద ఇద్రీస్ తర్వాత లిబియాకు రాజయ్యాడు. 1969లో ఆయన్ను గద్దె దించింది గడాఫీయే. ఈ సంగతి గుర్తుంచుకుని, ఇద్రీస్ పేరు తెర మీద ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టండి. సినిమా అయ్యాక మాట్లాడుకుందాం.