రోస్టర్ కూడా చికిత్సలో భాగమే

వ్యాఖ్యాత: నమస్కారం. కోవిడ్ రెండు విడతల్లోనూ హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సింగ్ ఇన్‌ఛార్జిగా పనిచేసిన సిస్టర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. వారి కోరిక మేరకు వారి పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ చెప్పడం లేదు. సిస్టర్ గారూ, 2020 మే 3న వైమానిక దళం గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లి వైద్య సిబ్బందిని గౌరవించింది. ఐసీయూలో పనిచేసేవారికి అప్పుడు ఏమనిపించింది?

సిస్టర్: సంతోషం కలిగిందండీ, కాదనను. అయితే ఆ రోజుల్లో మా మనసులో ఉన్న ప్రశ్న వేరు. మధ్యాహ్నం రెండు గంటలకు నన్ను రిలీవ్ చేయడానికి ఇంకొక నర్సు వస్తుందా, రాదా? పీపీఈ కిట్ వేసుకున్న తరువాత నీళ్లు తాగడానికి, బాత్రూమ్‌కు వెళ్లడానికి వీలుండదు. ఆరు గంటలైతే ఎలాగో ఓర్చుకుంటాం కానీ, రిలీవర్ రాక అదే కిట్‌లో ఇంకో షిఫ్టు కూడా చేయవలసి వస్తే మనిషి నిలబడలేడు. సిబ్బంది సంక్షేమం అనగానే యోగా తరగతులు, హెల్ప్‌లైన్ నంబర్లు గుర్తుకు వస్తాయి. నేను మాత్రం ముందు రోస్టర్, అంటే ఎవరికి ఎప్పుడు ఏ డ్యూటీ అని రాసే పట్టిక, చూపించమంటాను.

వ్యాఖ్యాత: రోస్టర్ పరిపాలనా విషయం కదా? దానికీ చికిత్సకూ సంబంధం ఏమిటి?

సిస్టర్: వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌ను బోర్లా పడుకోబెట్టడాన్నే తీసుకోండి. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారిని రోజుకు కనీసం పదహారు గంటల పాటు అలా ఉంచితే మరణాలు తగ్గుతాయని, ప్రధానంగా ఫ్రాన్స్‌లో జరిగి 2013లో వెలువడిన ప్రోసేవా అధ్యయనం చూపించింది. ఆ అధ్యయనంలో 28 రోజుల లోపు మరణాలు వెల్లకిలా ఉన్నవారిలో 32.8 శాతం, బోర్లా పడుకోబెట్టినవారిలో 16 శాతం. దీనికి కొత్త మందు అక్కరలేదు, ఖరీదైన యంత్రమూ అక్కరలేదు. కావలసినవి చేతులు. ఒకరు తలవైపు నిలబడి గొంతులోని ట్యూబ్ కదలకుండా పట్టుకోవాలి, మరో నలుగురు రెండు పక్కల నుంచీ ఒక్కసారిగా తిప్పాలి. ఆ తరువాత చెంపలు, గడ్డం, మోకాళ్లు ఒరుసుకుపోకుండా, కళ్ల మీద ఒత్తిడి పడకుండా ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. షిఫ్టులో ఇద్దరు తక్కువైతే, అలసి ఉన్న మిగిలినవారు తిప్పడాన్ని రేపటికి వాయిదా వేస్తారు. కేస్ షీట్‌లో అది సిబ్బంది కొరత అని నమోదు కాదు. పేషెంట్ పరిస్థితి విషమించిందని మాత్రమే ఉంటుంది.

వ్యాఖ్యాత: రెండో విడత వచ్చేసరికి పనిలో అనుభవం వచ్చింది కదా, ఒత్తిడి కొంత తగ్గిందా?

సిస్టర్: మొదటి విడతలో ఉన్నది భయం, ఇంట్లోవాళ్లకు అంటిస్తామేమో అని. 2021లో వచ్చింది వేరే రకం బాధ. ఆక్సిజన్ లెక్క చెబితే మీకు అర్థమవుతుంది. ముక్కు ద్వారా వేగంగా ఆక్సిజన్ పంపే హైఫ్లో యంత్రం మీద నిమిషానికి 60 లీటర్ల వరకు ఇస్తాం. అదంతా ఆక్సిజనే అయితే, సుమారు ఏడు వేల లీటర్లు పట్టే పెద్ద సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. ఏప్రిల్ 23న ఆక్సిజన్ నింపుకురావడానికి బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను విమానాల్లో భువనేశ్వర్‌కు పంపించారంటే పరిస్థితి ఊహించుకోండి. చేయవలసిన పని ఏమిటో స్పష్టంగా తెలిసి ఉండి, మంచం లేకనో, మనిషి లేకనో, ఆక్సిజన్ చాలకనో చేయలేకపోవడం మనసును లోపల నుంచి తినేస్తుంది. మొదట యుద్ధాల్లో పాల్గొన్న సైనికుల విషయంలో గుర్తించిన ఈ స్థితిని మానసిక వైద్యులు ‘నైతిక గాయం’ అంటున్నారు. సెలవు ఇస్తే అలసట తీరుతుంది, ఇది తీరదు.

వ్యాఖ్యాత: ఇది కొందరి అనుభవమేనా, విస్తృతంగా కనిపించిందా?

సిస్టర్: ఇంగ్లండ్‌లో తొమ్మిది ఐసీయూలలో 709 మంది సిబ్బందిని 2020 జూన్, జూలై నెలల్లో ప్రశ్నించారు. వారిలో దాదాపు 40 శాతం మందిలో పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవాల తరువాత మనసును వదలకుండా వేధించే రుగ్మత, లక్షణాలు ఉన్నాయని తేలింది. అది ప్రశ్నావళి ద్వారా తెలిసిన విషయమే తప్ప వైద్యులు పరీక్షించి చేసిన నిర్ధారణ కాదు కాబట్టి, ఆ అంకెను కొంచెం జాగ్రత్తగానే చూడాలి. మన దగ్గర దీనికి తోడు అటెండెంట్ల, అంటే పేషెంట్ల బంధువుల, ఆగ్రహం కూడా ఉండేది. లోపలికి రానివ్వరు, ఫోన్‌లో రెండు మాటలు చెప్పి పెట్టేస్తారు, ఆ తరువాత మరణవార్త వినిపిస్తారు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేను అనలేను. వైద్య సిబ్బందిపై దాడి చేసి తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష పడేలా 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, మంచిదే. అయినా రోజూ ఒకే సమయానికి, ఒకే మనిషి ఇంటికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిన వార్డుల్లో గొడవలు తక్కువగా ఉండడం నేను చూశాను.

వ్యాఖ్యాత: కౌన్సెలింగ్ ఉపయోగపడలేదా?

సిస్టర్: అవసరమైనవారికి తప్పకుండా ఉపయోగపడింది. అయితే దారుణమైన షిఫ్టు ముగియగానే అందరినీ కూర్చోబెట్టి, జరిగినదంతా తవ్వి చెప్పించే పద్ధతి ఒకటి ఉంది. పీటీఎస్‌డీని నివారించడానికి దాన్ని వాడవద్దని చికిత్సా పద్ధతులపై సూచనలిచ్చే బ్రిటన్ సంస్థ నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దాని బదులు ఇన్‌ఛార్జి పది నిమిషాలు నిలబడి, ఎవరు భోజనం చేశారు, ఎవరు ఇంటికి ఎలా వెళ్తున్నారు, రేపు ఎవరికి ఆ బెడ్ ఇవ్వకూడదు అని అడిగితే చాలు. వరుసగా మరణాలు చూసిన నర్సుకు మరునాడు కోలుకుంటున్న పేషెంట్‌ను అప్పగించడం కూడా రోస్టర్‌లోనే చేయవచ్చు.

వ్యాఖ్యాత: మళ్లీ ఇటువంటి పరిస్థితి వస్తే మొదటి వారంలో మీరు ఏం చేస్తారు?

సిస్టర్: జనరల్ వార్డు నర్సులకు బోర్లా తిప్పడం, సక్షన్ (శ్వాసనాళంలోని కఫాన్ని ట్యూబ్‌తో తీయడం), వెంటిలేటర్ అలారాలు నేర్పిస్తాను. ఐసీయూ అనుభవం లేనివారిని ఒంటరిగా వదలకుండా, అనుభవం ఉన్న ఒకరితో జతచేస్తాను. ప్రతి షిఫ్టులో ఏ బెడ్‌కూ కేటాయించని ఒక నర్సు ఉండాలని పట్టుబడతాను. ఆమె ఖాళీగా ఉన్నట్టు యాజమాన్యానికి కనిపిస్తుంది, అందుకే ఆ పోస్టును ముందుగా కోసేస్తారు. అందరూ నీళ్లు తాగి వచ్చేది ఆమె ఉన్నప్పుడే.