జేమ్స్ పీటర్స్ లేని మ్యాచ్

అందరికీ నమస్కారం. రగ్బీ మన ఊళ్లలో ఆడే ఆట కాదు, కాబట్టి స్కోర్ల జోలికి ఎక్కువ పోను, మనిషి గురించి చెప్తాను.

జేమ్స్ పీటర్స్ 1879లో ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లో పుట్టాడు. నాన్న జమైకా నుంచి వచ్చి సర్కస్‌లో సింహాలను ఆడించేవాడు, ఆ సింహాల వాతే పడి చనిపోయాడు. పిల్లాణ్ణి ఇంకో సర్కస్‌లో చేర్చారు, జీను లేని గుర్రాల మీద ఫీట్లు చేయడానికి. చెయ్యి విరిగేసరికి ఇక పనికిరాడని వదిలేశారు, అప్పటికి పదకొండేళ్లు! అక్కణ్ణుంచి అనాథాశ్రమాల్లో పెరిగి, పని నేర్చుకుని, ముందు బ్రిస్టల్‌కి, తర్వాత ప్లిమత్‌కి వెళ్లి, డాక్‌యార్డ్‌లో వడ్రంగిగా పనిచేస్తూ రగ్బీ ఆడాడు.

1906 మార్చిలో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ తరఫున దిగాడు, ఇంగ్లండ్ రగ్బీ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు. ఆ మ్యాచ్ గెలిచారు, తర్వాత పారిస్‌లో ఫ్రాన్స్ మీదా గెలిచారు, అక్కడ పీటర్స్ ఒక ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి తాకించి పాయింట్లు తెచ్చుకోవడం) కూడా చేశాడు.

ఆ ఏడాదే సౌతాఫ్రికా జట్టు టూర్‌కొచ్చింది. అక్టోబర్‌లో డెవన్ కౌంటీతో (ప్లిమత్ ఉన్న జిల్లా జట్టు) మ్యాచ్ రోజు, అవతలి జట్టులో పీటర్స్ ఉన్నాడని చూసి మేం ఆడం అని భీష్మించారు. ఎలాగో నచ్చజెప్పి దింపారు. డిసెంబర్‌లో అదే జట్టుతో ఇంగ్లండ్ ఆడినప్పుడు పీటర్స్ పేరే లేదు.

ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. అదే మ్యాచ్‌లో ఆల్కాక్ అనే వైద్య విద్యార్థి ఆడాడు. నిజానికి పిలవాల్సింది స్లోకాక్ అనే ఆటగాణ్ణి, పేరు రాయడంలో పొరపాటు జరిగి ఉత్తరం ఈయనకి వెళ్లిందట. రాత తప్పుతో వచ్చినవాడికి ఇంగ్లండ్ చొక్కా దొరికింది, ఆడి గెలిపించినవాడికి దొరకలేదు. ఆ మ్యాచ్ 3-3 డ్రా. సౌతాఫ్రికా వాళ్లు వెళ్లిపోయాక, 1907లో పీటర్స్‌ని మళ్లీ తీసుకున్నారు! ఇంకేం కారణం వెతుక్కోవాలి చెప్పండి?

1908తో ఐదు మ్యాచ్‌ల అంతర్జాతీయ కెరీర్ ముగిసింది. మళ్లీ ఒక నల్లజాతి ఆటగాడు, క్రిస్ ఓటీ, ఇంగ్లండ్ జట్టులోకి రావడానికి 1988 దాకా పట్టింది.

1910లో డాక్‌యార్డ్ ప్రమాదంలో చేతి వేళ్లు పోయాయి, అయినా ఆడాడు. డబ్బు తీసుకున్నాడని 1912లో ఇంగ్లండ్‌లో ఆటని నడిపే సంస్థ, రగ్బీ యూనియన్, సస్పెండ్ చేసింది. కూలి మానుకుని ఆటకి వచ్చే వడ్రంగి పైసా ముట్టకూడదనే రూల్ ఎవరి సౌకర్యం కోసం పెట్టారో ఆలోచించండి. పీటర్స్ ఉత్తరాదికి వెళ్లి, డబ్బులిచ్చి ఆడించే నార్తర్న్ యూనియన్‌లో బారో తరఫున, ఆపైన సెయింట్ హెలెన్స్ తరఫున ఆడాడు, అప్పటికే ముప్పై దాటినా సరే. 1914లో ఆట ఆపేశాడు, 1954లో ప్లిమత్‌లో చనిపోయాడు.