ఫలితాన్ని చూసి బిడ్డింగును తూచకండి

అధ్యక్షులకు, పెద్దలకు, ఎదుట కూర్చున్న ఆటగాళ్లందరికీ నమస్కారం. పరిచయ వాక్యాలకు కేటాయించిన సమయాన్ని కూడా విషయానికే వాడుకుంటాను, మన్నించండి.

కాంట్రాక్ట్ బ్రిడ్జ్‌లో పట్టులు గెలిచే నేర్పును అందరూ మెచ్చుకుంటారు గాని, ఏ కాంట్రాక్టు, అంటే ఏ రంగు తురుఫుగా ఎన్ని పట్టులు తీస్తామన్న హామీ, ఆడాలో తేల్చే బిడ్డింగును ఇద్దరు భాగస్వాములూ కూర్చుని సాధన చేయడం అరుదు. భాగస్వామి చేతిలోని 13 ముక్కలను మనం చూడలేము. వాటి గురించి 35 బిడ్లు, పాస్, డబుల్, రీడబుల్ అనే మాటలతోనే మాట్లాడుకోవాలి. ఆ మాటలకు ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకోకపోతే సంభాషణ ఎలా సాగుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. ఓపెనర్, అంటే మొదటి బిడ్ పలికే ఆటగాడి, చేతిలో ఇస్పేటు రాజు, రాణి, 7, 3; ఆఠీను ఆసు, 6; డైమను రాజు, 10, 8, 4; కళావరు ఆసు, 9, 5 ఉన్నాయి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున 16 పాయింట్లు కనుక, 15 నుంచి 17 వరకు అన్న ఒప్పందం ప్రకారం 1 నో ట్రంప్ పలికారు, అంటే తురుఫు లేకుండా ఏడు పట్టులు; బిడ్‌లోని అంకెకు ఆరు కలిపితే పట్టుల సంఖ్య. భాగస్వామి వద్ద ఇస్పేటు ఆసు, 8, 6, 2. ఆఠీను 7, 3. డైమను రాణి, జాకీ, 5, 3. కళావరు రాజు, 7, 4 ఉన్నాయి, అంటే 10 పాయింట్లు. నేరుగా తొమ్మిది పట్టుల 3 నో ట్రంప్‌కు వెళ్తే, ప్రత్యర్థులు ఆఠీను దించగానే ఆ రంగులో మన ఏకైక అడ్డు, ఆసు, కరిగిపోతుంది. డైమను ఆసు వారిదే కనుక, సాధారణంగా నాలుగు ఆఠీను పట్టులతో కలిపి ఐదు పోతాయి. 2 కళావర్లు పలికి స్టేమన్ ప్రశ్న, అంటే ఇస్పేటులో గాని ఆఠీనులో గాని నాలుగు ముక్కలున్నాయా అన్న ప్రశ్న, వేస్తే 2 ఇస్పేట్లని జవాబు వస్తుంది, 4 ఇస్పేట్లకు చేరుతాం. సుమారు 68 శాతం సందర్భాల్లో ప్రత్యర్థుల ఐదు ఇస్పేట్లు 3-2గా చీలతాయి. అప్పుడు మూడే పట్టులు పోతాయి, కావలసిన పది వస్తాయి.

ఇప్పుడు ఇస్పేట్లు 4-1గా చీలి ఆ కాంట్రాక్టు పడిపోయిందని, మరో బల్ల వద్ద అవే చేతులతో, ఆఠీను దిగనందువల్ల 3 నో ట్రంప్ నెగ్గిందని అనుకోండి. నాతో చాలాకాలం ఆడిన ఒక భాగస్వామి ఇలాంటప్పుడు స్కోరు కాగితం చూపించి, స్టేమన్ అడగడమే తప్పని తేల్చేవారు. రేపు అదే చెయ్యి వస్తే ఏం పలకాలని అడిగితే, "బల్ల మీద చూసుకుందాం" అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధే. మిత్రులారా, దయచేసి ఆ మాట అనకండి. కాంట్రాక్టు మంచిదా కాదా అన్నది 26 ముక్కలనూ చూసి, ముక్కలు ఎన్ని విధాల చీలవచ్చో లెక్కించి చెప్పాలి. ఒక్కసారి చీలిన తీరు దానికి సాక్ష్యం కాదు.

పైగా బల్ల మీద చూసుకోవడానికి నియమాలే ఒప్పుకోవు. భాగస్వామి తటపటాయింపు నుంచి గ్రహించిన సమాచారాన్ని వాడుకోరాదు. మన ఒప్పందాలను ప్రత్యర్థులకు దాచరాదు. లేని ఒప్పందాన్ని వారికి ఏమని వివరిస్తాం? స్టేమన్ తెలుసునని ఇద్దరూ అంటారు. 1 నో ట్రంప్ మీద ప్రత్యర్థి 2 ఆఠీన్లు పలికాక మన డబుల్ శిక్షించడానికా, మిగతా రంగుల్లో ఒకటి పలకమని అడగడానికా అంటే ఒకరి ముఖం ఒకరు చూస్తారు. సాధన అక్కడ మొదలుకావాలి.

ఈ వారంలోనే భాగస్వామితో కూర్చోండి. చెరి 13 ముక్కలు పంచుకుని, ముఖకవళికలకు తావు లేకుండా బిడ్లను కాగితం మీద రాయండి. ఆఖరి పాస్ తరువాత చేతులు పరచి, ఆడవలసిన కాంట్రాక్టు ఏదో ఎవరికివారు ముందుగా రాసుకుని పోల్చుకోండి. 3 ఇస్పేట్ల వద్ద ఆగి పది పట్టులు తీస్తే, వల్నరబుల్ కానప్పుడు, అంటే బోనస్‌లు, జరిమానాలు తక్కువగా ఉండే స్థితిలో, 170 వస్తాయి. 4 పలికి తీస్తే 420. ఆ తేడా ఏ బిడ్ దగ్గర చేజారిందో వెతకండి. తరువాత అదే జత చేతులను మళ్లీ తీసుకుని, ఈసారి మధ్యలో ప్రత్యర్థి 2 ఆఠీన్లు పలికినట్టు భావించి మొదటి నుంచి పలకండి.