డిపాజిట్ కట్టే ముందు అమెరికాలో ఉన్న బావకి ఫోన్ చెయ్యండి!

ఆగండి ఆగండి, ఆ డబ్బులు కట్టకండి!

మీ చేతిలో రెండో మూడో ఎంఎస్ అడ్మిట్లున్నాయి. కన్సల్టెన్సీవాళ్ళేమో పూటకోసారి ఫోన్ చేసి "వారంలో డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుంది, ఒకసారి నాన్నగారికివ్వండి" అంటున్నారు. నేను ఒక్కటే అడుగుతా. మీకు తెలిసిన మనిషి ఒక్కరైనా ఆ క్యాంపస్‌లో కాలుపెట్టారా? పెట్టలేదా? అయితే ఒక్క డాలరు కూడా కట్టొద్దు. వీడియో ఇంతే. మిగతాదంతా నా ఆవేశం, ఓపికున్నవాళ్ళు ఉండండి.

అరెకరం పొలం కొనాలంటే మనం ఏం చేస్తాం? నలుగురిని వెంటేసుకుని గట్లెమ్మట తిరుగుతాం, బోరు ఆన్ చేయించి నీళ్ళు చూస్తాం, ఈసీ తీయిస్తాం. అదే పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోనుతో చదవబోయే యూనివర్సిటీని మాత్రం, వెబ్‌సైట్‌లో చెట్టు కింద ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వుతున్న పిల్ల ఫొటో చూసి ఖాయం చేసేస్తాం!

"అన్నా, వీసానే రాలేదు, క్యాంపస్ విజిట్ ఏంటి" అంటారు. మిమ్మల్నెవరు వెళ్ళమన్నారు? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీకు బావో, అక్కో, పిన్ని కొడుకో లేరా? ఆవకాయ ఎవరితో పంపుతున్నారు మరి? తెలుగు సభలంటే కుటుంబంతో సహా ఐదారు గంటలు కారు నడుపుకుంటూ పోతారు వాళ్ళు. మీకోసం ఒక్క పూట పోలేరా?

కాకపోతే శనివారం పంపకండి. శనివారం క్యాంపస్ అంటే ఖాళీ పార్కింగ్ లాట్. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవుల వారం కూడా వద్దు. కొత్తవాళ్ళని పిలిచి క్యాంపస్ చూపించే ఓపెన్ హౌస్ రోజు అసలే వద్దు, ఆ రోజు పిజ్జా పెట్టి టీషర్ట్ చేతిలో పెడతారు, అందరూ అల్లుడొచ్చినట్టు మాట్లాడతారు. నా లెక్క మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు. ఆ టైంకి ఎవరూ ఎవరికోసం నటించరు. నవ్వండి, నవ్వండి. ఇది నా సొంత సిద్ధాంతం, మార్చుకోను.

మా ఇంట్లో సంగతే చెప్తా. మా పిన్ని కొడుక్కి రెండు అడ్మిట్లు. ఒకటి ర్యాంకులో బాగా పైన, వీడు దానికే ఫిక్స్. మా బావ మంగళవారం సెలవు పెట్టి వెళ్ళాడు. బిల్డింగ్ బ్రహ్మాండం, లైబ్రరీ బ్రహ్మాండం, వీడియో కాల్‌లో తిప్పి తిప్పి చూపించాడు. మావాడు గాల్లో తేలుతున్నాడు. బావ ఊరికే వచ్చెయ్యకుండా బస్ స్టాప్ దగ్గర నిలబడ్డాడు చూడండి, అదీ తెలివంటే! పిల్లలు ఉండే అపార్ట్‌మెంట్ల వైపు చివరి బస్సు సాయంత్రం 6:10కి. ఎంఎస్ క్లాసులు అయ్యేది రాత్రి 8:45కి. అక్కడే ఇద్దరు మన పిల్లలు కనిపిస్తే తెలుగులో అడిగాడు. "అసిస్టెంట్‌షిప్పులా? మా డిపార్ట్‌మెంట్‌లో అవన్నీ పీహెచ్‌డీ వాళ్ళకే అన్నా" అన్నారు. మావాడి బడ్జెట్ మొత్తం ఆ అసిస్టెంట్‌షిప్, అంటే డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తే వాళ్ళిచ్చే డబ్బుల మీదే ఉంది! ఏ ర్యాంకింగ్ చెప్తుంది ఈ ముక్క?

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 2011, కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ, వీసాల పేరుతో నడిపిన బోగస్‌ది. మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టింది ఆ కేసులోనే. సగం మందికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసుకున్నారు. ఒక్క అపార్ట్‌మెంట్! ఆ తర్వాత 2019లో బయటపడింది మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది నడిపిందే అమెరికా ప్రభుత్వం, వీసా మోసాలు చేసేవాళ్ళని వల వేసి పట్టుకోడానికి. పాఠాల్లేవు, పంతుళ్ళు లేరు. అన్నీ తెలిసే చేరినవాళ్ళూ ఉన్నారంటారు, సరే. తెలియక చేరినవాళ్ళ సంగతేంటి? ఎవరైనా ఒక్క పూట వెళ్ళి తలుపు తోసి చూసుంటే?

పీహెచ్‌డీ వాళ్ళూ, మీ కథ వేరు. ఫిబ్రవరి, మార్చిల్లో విజిట్ డేస్ పెట్టి అక్కడి పిల్లలకి చాలా డిపార్ట్‌మెంట్లు విమానం టికెట్టూ హోటలూ ఇస్తాయి. మీకు జూమ్ లింకు. మార్చి రెండో ఆదివారం గడియారాలు మార్చాక, న్యూయార్క్ వైపు మధ్యాహ్నం 2 అంటే మనకి రాత్రి 11:30. నిద్ర కళ్ళతో ప్రొఫెసర్ స్లైడ్లు చూసి పడుకోకండి. ఆయన లేకుండా ఆయన స్టూడెంట్లతో అరగంట కావాలని అడగండి, ఇస్తారు. "ఈ ల్యాబ్‌లో మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారా" అని అడిగి చూడండి. అందరూ ఒక్కసారి మ్యూట్‌లోకి పోయారనుకోండి, ఇంకేం అడగక్కర్లేదు.

అన్నట్టు, "ఏప్రిల్ 15 దాకా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు" అంటుంటారే, ఆ గొడవ. అది కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే అక్కడి యూనివర్సిటీల సంఘం తీర్మానం. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీ మీకు ఫండింగ్, అంటే చదువుకి డబ్బు సాయం ఇస్తానంటే, ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ఫండింగ్ ఆఫర్‌కి, వినండి, ఫండింగ్‌కి! సొంత డబ్బుతో వెళ్ళే ఎంఎస్ డిపాజిట్‌కి దీంతో సంబంధం లేదు. మీ గడువు మీ అడ్మిట్ లెటర్‌లో ఉంటుంది. కన్సల్టెన్సీ వాట్సాప్ మెసేజ్‌లో కాదు, లెటర్‌లో చూడండి. టైం చాలకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకి మీరే మెయిల్ పెట్టి పది రోజులు అడగండి. ఇవ్వకపోతే ఇవ్వరు, అడిగినందుకు అడ్మిట్ వెనక్కి లాక్కోరు. మనకేమో అడగడం అంటేనే మొహమాటం. వీసాకి ముందు అమెరికా ప్రభుత్వానికి కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు కిక్కురుమనకుండా కడతాం, మెయిల్ రాయడానికి మాత్రం చేతులు రావు.

సరే, ఫోన్ తీయండి. ఇప్పుడు అక్కడ అర్ధరాత్రి, లేపకండి, సాయంత్రం చేయండి. మంగళవారం అని గట్టిగా చెప్పండి. మా బావ నంబర్ మాత్రం అడక్కండి. ఈ ఏడాది ఆయన సెలవులన్నీ మా పిన్ని వాడేసింది.