ముద్ద పెట్టలేదంటే నమ్మేముందు

నమస్కారం. మా అత్తయ్య పొద్దున రెండు ఇడ్లీలు తిని చేయి కడుక్కుని, అరగంట కూడా కాకముందే గుమ్మంలో కూర్చుని దారినపోయేవాళ్ళతో "నిన్నటి నుంచి నాకు ముద్ద పెట్టలేదమ్మా" అనేవారు. ఆవిడ అబద్ధమాడలేదు, తిన్న సంగతి నిజంగానే ఆవిడ మనసులో నిలవలేదు. కానీ విన్నవాళ్ళు నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు, ఉన్న ఎన్నో ఇళ్ళల్లో ఇదే జరుగుతోంది. గాజులు తనే ఎక్కడో దాచి పనమ్మాయి తీసిందంటారు, చూసేవాళ్ళు అలిసిపోయి ఒకసారి గట్టిగా మాట్లాడితే అదే వీధంతా పాకుతుంది. దాంతో ఏం చేస్తాం? గుమ్మం తలుపు వేసేస్తాం. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళడం మానేస్తాం. పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే, "వాళ్ళ వంశంలో పిచ్చి ఉందట" అంటారేమోనని డాక్టర్ రాసిన చీటీ కూడా దాచేస్తాం.

ఇది పిచ్చి కాదండీ, మెదడుకి వచ్చే జబ్బు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వయసు చాదస్తంలే అని కొట్టేయకండి, థైరాయిడ్ తేడా వల్లో, బి12 తగ్గడం వల్లో, డిప్రెషన్ వల్లో కూడా మతిమరుపు రావచ్చు, వాటికి మందు ఉంది. దాచిపెట్టిన ఇంట్లో ఆ పరీక్షలు ఎవరు చేయిస్తారు?

ఇక చూడటానికి వచ్చే చుట్టాలకి ఒక మాట. వస్తూనే "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడగకండి, ఆవిడ మొహంలో కనిపించే ఆ కంగారు మీరు వెళ్ళాక కూడా పోదు. మా పిన్ని అలా అడగలేదు. చిక్కుడుకాయలు చేటలో పోసుకుని పక్కన కూర్చుంది, పేర్లన్నీ మరిచిపోయిన మా అత్తయ్య వేళ్ళు మాత్రం ఈనెలు చకచకా తీసేశాయి, ఒక్క కాయా తప్పలేదు, మధ్యలో ఎప్పటిదో ఊరి చెరువు సంగతులు చెప్పారు, పిన్ని ఊ కొట్టింది.

ఇంట్లో ఇలాంటివాళ్ళని చూసుకునే మీకు ఎవరూ తోడు లేకపోతే పెద్దవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి, టెన్షన్ భరించలేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు.

ఆ రోజు పిన్ని కూర్చున్న గంటలో నేను తలస్నానం చేసి, వేడి అన్నం తిన్నాను, చాలా వారాల తర్వాత.